వేలు ఎత్తేదాకా

నమోదు 3118
విచారణకు పదకొండు రోజులు

నీళ్ల వరుసలో ముప్పై నాలుగో వాణ్ని. చీటీ మీద ఇంకా రెండు బిందెలని ఉంది. ఒకటి నింపించుకున్నాను. నీళ్లు పోసే ఆమె రెండోదానికి చేయి చాపింది. వద్దన్నాను. ఆమె ఏమీ అడగలేదు. చీటీలో ఒక గడి కొట్టేసింది.

గుమ్మానికి వేలాడే గోనెపట్టా తడిపి పనికి వెళ్లాను. ఆరో లెవెల్లో గోనె గంటలో ఆరిపోతోంది. పైన నేల మీద ఎండ ఎంతుందో ఈ గనిలోని ఊళ్లో ఎవరూ చెప్పరు. గోనె ఎంతసేపట్లో ఆరిందో చెబుతారు.

విభాగాధిపతి వకుళ గారు నన్ను పిలిచారు.

"తొమ్మిదో గ్యాలరీ కంప్యూటర్ బయటికి తీసిండ్రు ఓదెలు గారు. విచారణకు క్లిక్కుల జాబితా గావాలె. మీరు జేస్తరా, వేరేటోళ్లకు ఇయ్యాల్నా?"

"నేనే చేస్తాను."

"మీ భార్య కేసు. చట్టం అడ్డం రాదు. అయినా అడిగిన."

"చేస్తాను."

ఈ పుస్తకంలో పని సంగతులే రాయాలి. ఇది పనే.

తొమ్మిదో గ్యాలరీ పుట్టగొడుగుల తోట. నలభై రెండు రోజుల క్రితం అక్కడ బొగ్గు గోడ రాజుకుంది. పన్నెండు మంది పనిలో ఉన్నారు. పదకొండు మంది బయటికి వచ్చారు. తలుపు దానంతట అదే మూసుకుంది. నీలవేణి చివరి మడి దగ్గర ఉండిపోయింది.

తలుపు తనంతట తాను మూసుకోవచ్చు. మంట ఆరాలంటే గ్యాలరీకి గాలి ఆపాలి. ఆ గాలి మాత్రం తనంతట తాను ఆగకూడదు. మా తాతల కాలంలో ఆలోచించే యంత్రాలు ఒక లెవెల్ మొత్తానికి గాలి ఆపాయి. లెక్క సరిగ్గానే వేశాయట. అప్పటి నుంచి వేలి చట్టం ఉంది. మనిషి చూసి, గ్యాలరీ పేరు పైకి చదివి, మౌస్‌తో క్లిక్ చేస్తేనే గాలి ఆగుతుంది. ఆ పని చేసేవాణ్ని వేలిమనిషి అంటారు.

ఆ రోజు క్లిక్ చేసింది రాజలింగు.

నమోదు 3121
విచారణకు ఎనిమిది రోజులు

ప్రతి గ్యాలరీ తలుపు లోపలి వైపు గోడలో ఒక కంప్యూటర్ ఉంటుంది. అద్దం మీద ఒకే బటన్. 'ఉన్నాను'. లోపల చిక్కినవాళ్లు అద్దం మీద వేలితో దాన్ని క్లిక్ చేయాలి. చేస్తే వేలిమనిషి తెర మీద 'గాలి ఆపు' బటన్ బూడిదరంగు అయిపోతుంది. ఇక ఎంత నొక్కినా పనిచేయదు. రక్షణ జట్టు బయలుదేరుతుంది. మంట సంగతి తరువాత.

ఆ ప్రోగ్రామ్ రాసింది నేను. పదేళ్లయింది.

కంప్యూటర్ నా బల్ల మీదికి వచ్చింది. అద్దమంతా మసి. బటన్ ఉండే చోట మాత్రం మసి లేదు. అక్కడి నుంచి కుడిపక్కగా, కిందికి, అద్దం అంచుదాకా వేలెడు వెడల్పు చార. తుడవకుండా పనిచేశాను.

క్లిక్కుల జాబితా తీశాను. సున్నా.

రాజలింగు కంప్యూటర్‌లో ఇలా ఉంది. హెచ్చరిక అందింది 11:42:07. 'గాలి ఆపు' క్లిక్ 11:43:40. తొంభై సెకన్లు ఆగాలని చట్టం. తొంభై మూడు ఆగాడు.

అతను ముందే నొక్కి ఉంటాడని నలభై ఐదు రోజులుగా నమ్ముతున్నాను. ఆ నమ్మకంతోనే తింటున్నాను. ఇవాళ తినలేదు.

నమోదు 3122
విచారణకు ఏడు రోజులు

రాజలింగు ఇంటికి వచ్చాడు. యాభై ఐదేళ్లుంటాయి. కుడి చూపుడు వేలికి నల్లగుడ్డ తొడుగు. డ్యూటీలో లేనప్పుడు వేలిమనుషులు ఆ వేలితో ఏదీ ముట్టరు. అన్నం మిగతా నాలుగు వేళ్లతో తింటారు. ఇప్పుడతనికి డ్యూటీ లేదు. అయినా తొడుగు తీయలేదు.

కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"ఓదెలు సారూ, తొంబై లెక్కవెట్టిన. గ్యాలరీ పేరు సదివిన. లోపల్నుంచి ఏం రాలే. వస్తే నొక్కుతనా?"

"విచారణలో చెప్పు."

"ఆడ జెప్తే రాసుకుంటరు. నీకు జెప్తే ఇంటవని అచ్చిన." తన వేలి వంక చూసుకున్నాడు. "ఇరవై ఏండ్లు దీంతోని ముక్కు గూడ గోక్కోలే. మా కనకవ్వ నవ్వుతది, నాకంటె ఆ వేలునే మంచిగ జూస్కుంటవని. ఇగ దాని పీడ పోతది."

నేను నవ్వలేదు. అతనూ నవ్వలేదు.

"నీల మా ఇంటికి పుట్టగొడుగులు దెచ్చేది సారూ. చివరి మడివి. చిన్నయే మంచిగుంటయనేది. ఆమె ఆడున్నదని నాకు దెల్వది."

గోనె ఆరిపోయింది. లేచి తడిపాను. తిరిగి చూసేసరికి వెళ్లిపోయాడు.

చట్టం ఇలా ఉంది: మనిషి ఉండగా గాలి ఆపిన వేలు తీసేయాలి. ఆ వేలు లేనివాణ్ని పన్నెండో లెవెల్‌కి దింపుతారు. అక్కడ గోనె పావుగంటలో ఆరుతుంది. పన్నెండో లెవెల్లో ముసలివాళ్లు ఉండరు.

నమోదు 3124
విచారణకు ఐదు రోజులు

క్లిక్ అనేది ఒక్క పని కాదు. వేలు బటన్ మీద దిగితే ఒక ఈవెంట్. వేలు లేస్తే ఇంకొకటి. రెండూ ఆ బటన్ గీతల లోపలే జరిగితే మూడోది పుడుతుంది. అది క్లిక్. వేలు బటన్ మీద దిగి, పక్కకు జరిగి, బయట లేస్తే క్లిక్ పుట్టదు. నొక్కనట్టే లెక్క.

ఇది వేలి చట్టంలో మొదటి వాక్యం. వేలు ఎత్తేదాకా నిర్ణయం కాదు. గాలి ఆపేవాడికి చివరి క్షణంలో మనసు మారితే పక్కకు జరిపి ఎత్తేయవచ్చు. దయకు చోటుండాలని అలా రాశారు. ఊరిలో ప్రతి బటన్ ఒకే రకంగా నడవాలని కూడా రాశారు. అందుకే నేను ఒక తల్లి బటన్ రాసి, తక్కినవన్నీ దానిలోంచే పుట్టించాను. రెండు వందల పన్నెండు తలుపుల 'ఉన్నాను'. వేలిమనుషుల 'గాలి ఆపు'. నీళ్ల గది, బడి, విచారణ మందిరం. అన్నీ దాని పిల్లలే. పొందికైన పని అని కమిటీ మెచ్చుకుంది.

జాబితాలోకి క్లిక్కులే వస్తాయి. కింద ముడి ఈవెంట్లు ఉంటాయి. వాటిని ఎవరూ అడగరు. ఇవాళ తీశాను.

నొక్కుడు 11:42:31. బటన్ లోపల.
ఎత్తుడు 11:49:55. బటన్ బయట.

మధ్యలో ఏమీ లేదు. ఏడు నిమిషాల ఇరవై నాలుగు సెకన్లు ఆమె వేలు తీయలేదు. తీసినప్పుడు తీసింది ఆమె కాదు. చేయి జారింది.

నొక్కి ఉంచినంతసేపు ఆ బటన్ పచ్చగా వెలుగుతుంది. వేలు ఎత్తితే మామూలు రంగుకు వస్తుంది. ఆ రంగు నేనే పెట్టాను. అందంగా ఉంటుందని. పచ్చగా వెలుగుతుంటే పనిచేస్తోందనే ఎవరైనా అనుకుంటారు. వదిలితే ఆగిపోతుందని అనుకుంటారు.

ఇంకొకటి రాయాలి. పదేళ్ల క్రితం తలుపులకు ఈ కంప్యూటర్లు బిగించిన వారం, నీలను తీసుకెళ్లి తొమ్మిదో గ్యాలరీది చూపించాను. నొక్కి చూసింది. పచ్చగా వెలిగితే సంతోషపడింది.

"ఎంతసేపు నొక్కాలె?" అని అడిగింది.

"నేను వచ్చేదాకా," అన్నాను.

అప్పటికి మాకు పెళ్లై ఏడు నెలలు. ఆ మాట అందుకే అన్నాను.

నమోదు 3125
విచారణకు నాలుగు రోజులు

రెండు వరుసలూ కాగితం మీద రాసి వకుళ గారి ముందు పెట్టాను. ఆమె రెండుసార్లు చదివారు.

"క్లిక్ అయితే కాలే గద?"

"కాలేదు. అయ్యేలా నేను రాయలేదు. నొక్కగానే తీసుకోవాల్సింది. ఎత్తేదాకా ఆగమని రాశాను. తప్పు నాది."

"తప్పు ప్రోగ్రామ్‌ది అంటున్నరు."

"ప్రోగ్రామ్ నాది."

"ప్రోగ్రామ్‌కు వేలు ఉన్నదా ఓదెలు గారు?" ఆమె గొంతు పెంచలేదు. ఎప్పుడూ పెంచరు. "చట్టం వేలునే చూస్తది. గాలి ఆపిన వేలు ఎవలిది? రాజలింగుది. ఈ ఫారంల దోషి పేరు రాసే గడి ఒక్కటే ఉన్నది. దాంట్ల ఆల్రెడీ పేరున్నది."

"అతను చట్ట ప్రకారమే చేశాడు."

"మీరూ చట్ట ప్రకారమే రాసిండ్రు. కమిటీ సంతకం ఉన్నది. ఇప్పుడు చట్టమే తప్పని రాయమంటరా? రేపటి నుంచి 'గాలి ఆపు' ఎవలు నొక్కుతరు? ఒక్కడన్న కూసుంటడా ఆ కుర్చీల?"

కాగితాన్ని మళ్లీ ఆమె వైపు జరిపాను.

ఆమె కాగితాన్ని మడిచి నాకే ఇచ్చారు.

"ఆయన మీద మీకు దయ ఉంటే తొవ్వ ఉన్నది. శిక్ష బటన్ నష్టపోయినోళ్లే నొక్కాలె. మీరే నొక్కాలె. నొక్కి, పక్కకు జరిపి, బయట ఎత్తుండ్రి. మాఫీ అయితది. రాకుంట ఇంట్ల కూసుంటె మాఫీ కాదు, వేరేటోళ్లతోని నొక్కిస్త. నొక్కినంకనే దయ. చట్టంల అట్లనే ఉన్నది."

ప్రోగ్రామ్ సరిదిద్దుతానన్నాను. కమిటీ విచారణ తరువాత కూర్చుంటుందని చెప్పారు.

నమోదు 3126
విచారణకు మూడు రోజులు

రాజలింగు ఇంటికి వెళ్లాను. ఐదో లెవెల్, రెండో వరుస. అతని భార్య కనకవ్వ జొన్న గటక కలుపుతోంది. నన్ను చూసి గరిటె ఆపింది. లేవలేదు.

"పక్కకు జరుపుతాను," అన్నాను. "నొక్కి, జరిపి, బయట ఎత్తుతాను. భయపడకు."

రాజలింగుకి వెంటనే అర్థమైంది. ఇరవై ఏళ్లు చేసిన పని. ఎడమ చేత్తో కుడి వేలిని పట్టుకున్నాడు.

"ఎందుకు సారూ?" అన్నాడు.

"తప్పు నీది కాదు."

"మరెవలిది?"

చెప్పాలి. అందుకే వెళ్లాను. కనకవ్వ నా వంక చూస్తోంది.

"విచారణ అయ్యాక చెబుతాను," అన్నాను.

"సార్‌ను కూసోమనవేందయ్యా," అంది కనకవ్వ మొగుడితో. నాకు గిన్నెలో గటక పోసింది. "తిను బిడ్డా. బొక్కలు దేలినవ్. నీల ఉంటే తిట్టకపోవునా?"

తిన్నాను. ఆమె మళ్లీ పోసింది. అదీ తిన్నాను.

నమోదు 3128
విచారణకు ఒక రోజు

పొద్దున మొదటి షిఫ్టులో పద్నాలుగో గ్యాలరీ హెచ్చరిక మోగింది. తలుపు మూసుకుంది. లోపల ఎర్రమట్టితో గోడలు అలికే మైసక్క అనే ఆమె చిక్కింది. 'ఉన్నాను' నొక్కి పట్టుకుంది. డెబ్బై ఆరో సెకనులో తుమ్ము వచ్చి వేలు లేచింది. బటన్ లోపలే లేచింది. క్లిక్ అయింది. బతికింది.

భోజనాల దగ్గర అందరూ ఆమె తుమ్ము గురించే మాట్లాడుకున్నారు. ఆమె ముక్కుకు దండేయాలని ఒకరన్నారు. మైసక్కే గట్టిగా నవ్వింది.

"వదిలితె ఆరిపోతదనుకున్న," అంది. "పచ్చగ మంచిగ ఎలుగుతుండె."

నేను తినకుండా లేచాను. కమిటీ కోసం ఆగలేదు.

మార్పు: తల్లి బటన్. ఒక్క వరుస. ఎత్తుడు కోసం ఆగవద్దు. నొక్కుడునే క్లిక్‌గా తీసుకో.

తల్లిలో మారిస్తే ప్రతి తలుపుకీ విడిగా వెళ్లనక్కర లేదు. పది నిమిషాల్లో అన్నిటికీ అందింది. ఆ తరువాత తలుపుల జాబితా చేతపట్టుకుని నడిచాను. రెండు వందల పన్నెండు. ఒక్కొక్కటీ ముట్టి చూశాను. ముట్టగానే పైన వేలిమనిషి తెర మీద 'గాలి ఆపు' బూడిదరంగు అయిందని ప్రతిసారీ ఫోన్‌లో చెప్పించుకున్నాను. రెండు వందల పన్నెండు టిక్కులు. రెండో షిఫ్టు ముగిసేసరికి అయింది.

కాళ్లు వాచాయి. ఇంటికొచ్చి, గోనె తడిపి, పడుకున్నాను. నీల పోయాక ఇంత నిద్ర పట్టడం ఇదే మొదలు.

నమోదు 3129
విచారణ

విచారణ మందిరం మూడో లెవెల్లో ఉంది. ఏడాదికో, రెండేళ్లకో ఒకసారి తెరుస్తారు. నూటయాభై మంది దాకా వచ్చారు. ఎదురుగా బల్ల. దాని మీద ఒక కంప్యూటర్, ఒక మౌస్. తెర మీద ఒకే బటన్. 'తీయి'. బల్లకు అవతల ఉక్కు కడియం, దాని పైన బ్లేడు పెట్టె.

వకుళ గారు జాబితా చదివారు. 'ఉన్నాను' క్లిక్కులు సున్నా. వేచిన సమయం తొంభై మూడు సెకన్లు. మనిషి ఉన్నది నిజం. వేలు రాజలింగుది.

రాజలింగు తొడుగు తీశాడు. వేలు తెల్లగా, మెత్తగా ఉంది. పదేళ్ల పిల్లవాడి వేలిలా. కడియంలో పెట్టి నా వంక చూశాడు. భయపడలేదు. నాకు కనబడేలా కొంచెం తల ఊపాడు. ముందు వరుసలో కనకవ్వ కూర్చుంది. ఆమె కూడా ఊపింది.

పోయినవాళ్ల పేరు పైకి చదివి నొక్కాలి.

"నీలవేణి," అన్నాను.

బాణం గుర్తును బటన్ మీదికి తెచ్చాను. నొక్కాను. ఇక కుడివైపు జరపాలి. జరపబోయాను.

బ్లేడు పడింది.

నా వేలు ఇంకా మౌస్ మీదే ఉంది. ఎత్తలేదు. వేలు ఎత్తలేదని ఎవరికో చూపించబోయాను. అందరూ బల్లకు అవతలే చూస్తున్నారు.

రాజలింగు అరవలేదు. చేతిని దగ్గరికి తీసుకుని నా వంక చూశాడు.

"జరుపుతనంటివి గద సారూ," అన్నాడు. అడిగినట్టే అన్నాడు. నిజంగా తెలుసుకోవాలని.

"జరపబోయాను," అన్నాను. "నొక్కగానే..."

పద్నాలుగో గ్యాలరీ. తల్లి బటన్. ఒక్క వరుస. అప్పుడు గుర్తొచ్చింది. తలుపుల జాబితా పట్టుకుని రెండు వందల పన్నెండు చోట్లకు నడిచాను. ఈ గది ఆ జాబితాలో లేదు.

కనకవ్వ నా దగ్గరికి వచ్చింది. కొడుతుందనుకున్నాను.

"ఇంట్ల కూసోవెట్టి గటక వోస్తి," అంది. "రెండుసార్లు వోస్తి."

అంతే అంది.

వకుళ గారికి మందిరంలోనే చెప్పాను. నిన్న తల్లి బటన్ మార్చానని, ఇప్పుడు నొక్కుడే క్లిక్ అని, నా ఉద్దేశం ఇది కాదని. ఆమె శ్రద్ధగా విన్నారు.

"మనసు మారితే మారిందనుండ్రి ఓదెలు గారు. ఎవలు తప్పు వట్టరు. మీ భార్య గద."

"మారలేదు. ముడి ఈవెంట్లు చూడండి. నేను వేలు ఎత్తనే లేదు."

"జాబితా చూసిన. క్లిక్ ఒకటి ఉన్నది." ఆమె రిజిస్టర్ మూశారు. "మీ మార్పు మాత్రం మంచిగున్నది. కమిటీల పెడ్త."

బయట మెట్ల దగ్గర మా వరుసవాళ్లు ఆగి ఉన్నారు. ఒకతను నా భుజం తట్టాడు. నీలకు న్యాయం జరిగిందన్నాడు. చివరిదాకా వాణ్ని నమ్మించి భలే కొట్టావన్నాడు.

నమోదు 3133

రాజలింగునీ కనకవ్వనీ పన్నెండో లెవెల్‌కి దింపారు. సామాను మోయడానికి వెళ్లాను. ఆమె నా చేతిలోంచి బిందె తీసుకుంది. పోట్లాడలేదు. తీసుకుంది, అంతే. రాజలింగు అన్నాన్ని మూటకట్టుకుంటున్నాడు. అలవాటుగా నాలుగు వేళ్లతోనే.

తప్పు ఎవరిదో విచారణ అయ్యాక చెబుతానన్నాను. చెప్పాను. మొత్తం. నొక్కుడు, ఎత్తుడు, పచ్చరంగు, తల్లి బటన్.

ఓపికగా విన్నాడు. మూట ముడేశాడు.

"గివన్ని నాకెందుకు సారూ," అన్నాడు. "నువ్వు నొక్కినవ్. నేను నొక్కిన. అయిపాయె."

నమోదు 3140

కమిటీ మార్పును ఆమోదించింది. నా పేరు రాశారు. వేలి చట్టంలో మొదటి వాక్యాన్ని తరువాతి సమావేశంలో సవరిస్తారు. అప్పటిదాకా వేలిమనుషులు నొక్కే ముందే ఆలోచించుకోవాలని ఉత్తర్వు.

తొమ్మిదో గ్యాలరీ మళ్లీ తెరుస్తున్నారు. గోడకు కొత్త కంప్యూటర్ బిగించారు. పరీక్షించడానికి నన్ను పంపారు. మళ్లు ఖాళీగా ఉన్నాయి. చివరి మడిదాకా నడిచి, వెనక్కి వచ్చాను. నూట ఆరు అడుగులు. తలుపు మూయించాను.

'ఉన్నాను' ముట్టాను.

గోడలోని స్పీకర్ వెంటనే పలికింది. రాజలింగు కుర్చీలోకి కొత్తగా వచ్చిన ఆడగొంతు.

"తొమ్మిదో గ్యాలరీ. ఎవరున్నరు?"

"ఎవరూ లేరు," అన్నాను. "పరీక్ష."

"ఓదెలు సారా? మంచిగ పనిచేస్తుంది సార్. ముట్టంగనే అచ్చింది."

"సరే."

"వేలు తియ్యుండ్రి ఇగ. తలుపు తీస్త."

"కాసేపాగు," అన్నాను.

బటన్ పచ్చగా వెలుగుతోంది. వేలు తీయలేదు. ఏడు నిమిషాల ఇరవై నాలుగు సెకన్లు ఆగాలని గడియారం చూస్తూ నిలబడ్డాను. మూడో నిమిషంలో భుజం లాగింది. నాలుగో నిమిషంలో చేయి బరువెక్కింది. ఎడమ చేత్తో మణికట్టును పట్టుకున్నాను. ఐదున్నరకు చేయి ఎత్తి ఉంచడం నావల్ల కాలేదు. జారింది.

అద్దం మీద వేలి చెమట చార కుడిపక్కగా, కిందికి పడింది.

గ్యాలరీలో గాలి బాగుంది. మంట లేదు. పొగ లేదు. నాకు ఐదున్నరే వచ్చింది.